టీకా కంటే ముందు విశ్వాసం

మహమ్మారి విజృంభించినప్పుడు మందు కోసం పరుగులు తీసే జనమే, మందు చేతికందే వేళకు దానిని అనుమానదృష్టితో చూడటం పైకి వింతగా తోచవచ్చు. ఇది కేవలం అజ్ఞానమని కొందరు తేల్చివేస్తారు. ప్రభుత్వాలూ కంపెనీలూ కూడబలుక్కుని సాగించే వ్యాపారాన్ని జనం పసిగట్టారని మరికొందరు వాదిస్తారు. ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి టీకా వేయించుకోవాలా, వద్దా అన్న వివాదం 2009 నుంచి ఈ రెండు కొసల మధ్యనే ఊగిసలాడుతోంది. ఈ వివాదాన్ని అర్థం చేసుకోవడానికి సూరత్ నగరానుభవం ఎంతగానో ఉపకరిస్తుంది. మూడు దశాబ్దాల వ్యవధిలో ప్లేగును, స్వైన్‌ఫ్లూను, కోవిడ్‌ను చవిచూసిన ఆ నగరం బోధించే పాఠం ఒక్కటే. ప్రజలు టీకాను నమ్మాలంటే ముందుగా ఆ టీకా వేసే వ్యవస్థను నమ్మగలగాలి.

తెలుగువారికి ఇది పరాయి ఊరి ముచ్చట కాదు. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి చేనేత కుటుంబాలు తరతరాలుగా సూరత్‌కు వలసపోయి మరమగ్గాలపై బతుకుతున్నాయి. లింబాయత్ వంటి వాడల్లో తెలుగు మాట నిత్యం వినిపిస్తుంది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడుపుతోందంటే అక్కడి మనవారి సంఖ్య ఎంతటిదో ఊహించవచ్చు. సూరత్‌కు జ్వరం వస్తే ఆ సెగ తెలంగాణ పల్లెలకు తగలడం సహజం.

ప్లేగు నాటి పలాయనం

1994 సెప్టెంబరు మూడో వారంలో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు సోకిందన్న వార్త పొక్కింది. నాలుగైదు రోజుల్లోనే లక్షలాది ప్రజలు రైళ్లు, బస్సులు, లారీలు ఏది దొరికితే అది పట్టుకుని నగరం విడిచిపోయారు. రోగులను కనిపెట్టవలసిన ప్రైవేటు వైద్యుల్లో పెక్కుమంది దవాఖానాలకు తాళాలు వేసి ముందుగానే నిష్క్రమించారు. టెట్రాసైక్లిన్ గొట్టాలు దుకాణాల్లో కరవయ్యాయి. అసలు ఇది ప్లేగేనా, కాదా అన్న విషయంపై నిపుణులే బహిరంగంగా వాదులాడుకున్నారు. గల్ఫ్ దేశాలు విమానాలు నిలిపివేశాయి. ఎగుమతులు స్తంభించాయి. దేశానికి కలిగిన ఆర్థిక నష్టం సుమారు 170 కోట్ల డాలర్లని ఒక అంచనా.

చివరకు లెక్క తేలినప్పుడు దేశం మొత్తం మీద మరణాలు యాభై పైచిలుకు మాత్రమే. ప్రతి ప్రాణమూ విలువైనదే అయినా, అంతటి భయోత్పాతానికి కారణం రోగ తీవ్రత ఒక్కటే కాదన్నది సుస్పష్టం. అధికారులు చెప్పిన అంకెలను ప్రజలు విశ్వసించలేదు. ఆస్పత్రిలో మందు ఉందన్న ప్రకటనను విశ్వసించలేదు. నమ్మదగిన మాట కరవైన చోట వదంతి రాజ్యమేలింది. ప్లేగు చికిత్సకు లొంగే వ్యాధి. సకాలంలో మందు పడితే ప్రాణం నిలుస్తుంది. అటువంటి వ్యాధి విషయంలోనే జనం మందు వైపు కాక రైల్వే స్టేషన్ వైపు పరుగెత్తారంటే, లోపం ఎక్కడున్నదో వేరే చెప్పనక్కరలేదు.

ఆ మరుసటి సంవత్సరం కథ మారింది. 1995 మే నెలలో పురపాలక కమిషనర్‌గా బాధ్యతలు స్వీకరించిన సూర్యదేవర రామచంద్రరావు, ఎస్.ఆర్. రావుగా ప్రసిద్ధుడైన ఐఏఎస్ అధికారి, నగరాన్ని మండలాలుగా విభజించి అక్కడి అధికారులకే నిర్ణయాధికారం అప్పగించారు. ఉదయమే అధికారులందరూ వీధుల్లో ఉండాలన్నారు. చెత్త ఎత్తివేత, మురుగు కాల్వల శుభ్రత, మురికివాడల్లో మరుగుదొడ్లు, వీధిదీపాలు, ఫిర్యాదులపై గడువులోగా చర్య నిత్యకృత్యాలయ్యాయి. అక్రమ కట్టడాల కూల్చివేతలో పెద్దవారని, చిన్నవారని తేడా చూపలేదన్న పేరు ఆయనకు దక్కింది. రెండేళ్లు తిరగకుండానే దేశంలోని పరిశుభ్ర నగరాల వరుసలో సూరత్ రెండో స్థానంలో నిలిచింది. చెత్తకుప్ప ఎత్తివేతకూ టీకాకూ సంబంధమేమిటని అడగవచ్చు. సంబంధం ఉంది. మామూలు రోజుల్లో మాట నిలబెట్టుకున్న అధికారి మాటే ఆపత్కాలంలో చెల్లుబాటవుతుంది. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వినట్లుగా, మహమ్మారి వచ్చాక విశ్వాసాన్ని నిర్మించడం ఎవరి తరమూ కాదు.

ఆలస్యంగా వచ్చిన టీకా

2009లో స్వైన్‌ఫ్లూ ప్రపంచాన్ని చుట్టుముట్టింది. మన దేశంలో తొలి కేసు ఆ సంవత్సరం మే నెలలో హైదరాబాద్‌లోనే నిర్ధారణ అయింది. అమెరికా నుంచి వచ్చిన ప్రయాణికుడి ద్వారా వైరస్ ప్రవేశించింది. జూన్ 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని మహమ్మారిగా ప్రకటించింది. ఆగస్టులో పుణెలో తొలి మరణం సంభవించింది. తరువాతి కొద్ది మాసాల్లో గుజరాత్ సహా పశ్చిమ భారతం ఈ వ్యాధితో సతమతమైంది.

టీకా సంగతి చూస్తే, వైద్య సిబ్బంది కోసం కేంద్రం 15 లక్షల మోతాదులను విదేశం నుంచి తెప్పించింది. 2010లో అవి పంపిణీకి వచ్చేసరికి వైద్యులు, నర్సులలోనే పలువురు వేయించుకోవడానికి వెనుకాడారు. అహ్మదాబాద్‌కు చెందిన జైడస్ కాడిలా తయారుచేసిన దేశీయ టీకా 2010 జూన్‌లో విపణిలోకి వచ్చింది. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ ముక్కు ద్వారా ఇచ్చే టీకాను జులైలో విడుదల చేసింది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ టీకా అక్టోబరులో వచ్చింది. ఈలోగా ఆగస్టు 10న మహమ్మారి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించనే ప్రకటించింది. పెళ్లి అయిపోయాక మేళం వచ్చిన చందంగా ఉందని సామాన్యుడు భావిస్తే తప్పుపట్టలేం. అహ్మదాబాద్ సంస్థ టీకా ధర 350 రూపాయలు. నలుగురున్న కార్మిక కుటుంబానికి 1,400 రూపాయల ఖర్చు. ముగిసిందని చెబుతున్న రోగానికి అంత సొమ్ము ఎవరు వెచ్చిస్తారు?

కానీ వైరస్ ముగిసిపోలేదు. ఏటేటా వచ్చే ఫ్లూలో అదీ ఒక భాగమై దేశంలో స్థిరపడింది. 2015లో దేశవ్యాప్తంగా సుమారు 43 వేల మందికి సోకినట్లు నిర్ధారణ కాగా, దాదాపు మూడు వేల మంది ప్రాణాలు కోల్పోయారు. ఒక్క గుజరాత్‌లోనే మృతుల సంఖ్య 500 దాటింది. అహ్మదాబాద్‌లో జనం గుమిగూడకుండా 144వ సెక్షన్ విధించవలసి వచ్చింది. 2017లో మళ్లీ దేశంలో రెండు వేలకు పైగా, గుజరాత్‌లో 400కు పైగా మరణాలు నమోదయ్యాయి. మహమ్మారి అన్న పేరు తొలగిన తరువాత వచ్చిన ఒక్క 2015లోనే, మహమ్మారి నడిచిన 2009, 2010 సంవత్సరాలలో దేనికదిగా చూసినా అంతకు మించిన మరణాలు సంభవించడం గమనార్హం. వద్దనుకున్న టీకా అప్పటికి అవసరమైంది. అయితే అప్పటికి దాని గురించి చెప్పేవారు లేకపోయారు.

సందేహాలన్నీ నిరాధారాలు కావు

టీకాను సందేహించే వారందరినీ మూఢులుగా చిత్రించడం సులువు. చరిత్ర మాత్రం అంత సులువైన తీర్పు ఇవ్వదు. 1976లో అమెరికాలోని ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో ఒక సైనికుడు స్వైన్‌ఫ్లూతో మరణించగా, అధ్యక్షుడు ఫోర్డ్ దేశ ప్రజలందరికీ టీకా వేయాలని నిర్ణయించారు. నాలుగు కోట్లకు పైగా ప్రజలు వేయించుకున్నారు. మహమ్మారి రాలేదు. కానీ టీకా పొందిన ప్రతి లక్ష మందిలో సుమారు ఒకరికి గిలాన్ బారే అనే నరాల వ్యాధి అదనంగా సోకిందని తేలడంతో డిసెంబరులో కార్యక్రమాన్ని నిలిపివేశారు. 2009 మహమ్మారి సమయంలో ఐరోపాలో వాడిన పాండెమ్రిక్స్ అనే టీకా వల్ల ఫిన్లండ్, స్వీడన్‌లలో కొందరు పిల్లలకు, కౌమారప్రాయులకు అదుపులేని నిద్రమత్తు వ్యాధి వచ్చింది. భారత్ దిగుమతి చేసుకున్న టీకా అది కాదు. అయినా ఆ వార్త ప్రపంచమంతటా సందేహబీజాలు నాటింది.

అదే సమయంలో ఫ్రాన్స్ 9 కోట్లకు పైగా మోతాదులకు ఆర్డరు పెట్టింది. తీరా వేయించుకున్నది జనాభాలో పదో వంతు కూడా లేరు. పోలండ్ ప్రభుత్వమైతే కంపెనీలు పెట్టిన షరతులు సమ్మతం కావంటూ టీకా కొనుగోలుకే నిరాకరించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు సలహా ఇచ్చిన అత్యవసర సంఘం సభ్యుల పేర్లను మహమ్మారి ముగిసేదాకా గోప్యంగా ఉంచడాన్ని 2010లో ఐరోపా మండలి పార్లమెంటరీ సభ తప్పుపట్టింది. కోట్ల డాలర్ల కొనుగోళ్లకు దారితీసే నిర్ణయాలు మూసిన తలుపుల వెనుక జరిగితే, ఆ నిర్ణయం సరైనదే అయినా జనం శంకించడం సహజం.

మన దేశంలోనూ ఇందుకు పాత దృష్టాంతం ఉంది. బొంబాయిలో ప్లేగు చెలరేగినప్పుడు వాల్డెమార్ హాఫ్కిన్ 1897లో అక్కడే ప్లేగు టీకాను రూపొందించారు. 1902లో పంజాబ్‌లోని ముల్కోవాల్ గ్రామంలో ఆ టీకా వేయించుకున్న 19 మంది ధనుర్వాతంతో మరణించారు. ఒక సీసా కలుషితం కావడమే అందుకు కారణం. హాఫ్కిన్‌ను పదవి నుంచి తప్పించారు. దోషం ఆయనది కాదని తేలడానికి అయిదేళ్లు పట్టింది. టీకా మంచిదే అయినా దానిని వేసే ఏర్పాటులో ఒక్క లోపం చాలు, ఆ మచ్చ చాలాకాలం చెరగదు.

ఈ వాస్తవాలన్నీ ఒక వైపు కాగా, రెండో వైపు కూడా చూడాలి. 2009 మహమ్మారి తొలి ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా లక్షన్నర నుంచి 5 లక్షల 75 వేల మంది వరకు మరణించి ఉంటారని అనంతర అధ్యయనం అంచనా వేసింది. మృతుల్లో అత్యధికులు 65 ఏళ్ల లోపువారు. అంటే సంపాదించే వయసువారు, పిల్లలున్న తల్లులు. గర్భిణులకు ముప్పు మరింత ఎక్కువని అన్ని దేశాల్లోనూ తేలింది. ఆనాటి టీకాలతో గిలాన్ బారే ముప్పు పది లక్షల మందికి ఒకరిద్దరికి మించలేదు. ఫ్లూ టీకా వజ్రకవచమేమీ కాదు. చెలామణిలో ఉన్న వైరస్‌తో టీకా సరిపడిన సంవత్సరాల్లో వ్యాధి ముప్పును 40 నుంచి 60 శాతం వరకు తగ్గించగలదు. ఆ కొద్దిపాటి రక్షణే మధుమేహం, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి, వృద్ధులకు, గర్భిణులకు ప్రాణదానం కావచ్చు. లాభనష్టాలు బేరీజు వేస్తే, ముప్పు అధికంగా ఉన్నవారు టీకా వేయించుకోవడమే వివేకం. ఇందులో శంకకు తావు లేదు. కానీ ఈ లెక్కను సూరత్ మగ్గం కార్మికుడికి అతని భాషలో ఎవరైనా చెప్పారా అన్నదే ప్రశ్న.

మగ్గం ఆగితే కూలి ఆగుతుంది

టీకాపై చర్చలో సాధారణంగా మరుగున పడే అంశం ఆర్థికం. సూరత్ మరమగ్గాల కార్మికుడికి నెల జీతం లేదు. నేసిన మీటర్లను బట్టి కూలి. రోజుకు 12 గంటల పని. టీకా వేయించుకున్న మరునాడు ఒళ్లు నొప్పులు, కొద్దిపాటి జ్వరం సాధారణమని వైద్యులు చెబుతారు. ఆఫీసు ఉద్యోగికి అది ఒక రోజు సెలవు. మగ్గం కార్మికుడికి అది ఒక రోజు కూలి. దానికి తోడు టీకా కేంద్రం తెరిచి ఉండే వేళల్లోనే అతని పాళీ నడుస్తుంటుంది. రాత్రి పాళీ చేసినవాడికి పగలు నిద్ర తప్పనిసరి. ఈ పరిస్థితుల్లో అతను టీకాకు రాలేదంటే దానిని నిరాకరణగా లెక్కించడం అన్యాయం. అది అతని జేబు చెప్పిన జవాబు.

మరో వైపు, ముప్పు అందరికంటే అధికంగా ఉన్నదీ అతనికే. వలస కార్మికులు ఒకే గదిని వంతులవారీగా పంచుకుంటారు. పగటి పాళీవారు లేచిన చాపపైనే రాత్రి పాళీవారు నడుం వాలుస్తారు. కిటికీలు లేని మగ్గాల షెడ్లలో మోతకు మాట వినిపించక ఒకరి చెవి దగ్గర మరొకరు అరుస్తూ పనిచేస్తారు. దగ్గుతో, తుమ్ముతో వ్యాపించే రోగానికి ఇంతకంటే అనువైన చోటు ఏముంటుంది? నష్టం మొదట తగిలేదీ, టీకా చివరగా అందేదీ ఆ కార్మికుడికే కావడం శోచనీయం.

ప్రస్తుతం లభించే ఏటేటి ఫ్లూ టీకాల్లో 2009 నాటి వైరస్ సంతతికి చెందిన రకం కూడా ఇమిడి ఉంటుంది. కానీ ప్రైవేటు ఆస్పత్రుల్లో ఒక్క మోతాదు ధర వెయ్యి రూపాయలు దాటుతుంది. ఏటా వేయించుకోవలసిన టీకాకు ఏటా అంత ఖర్చు భరించగల కార్మిక కుటుంబాలు ఎన్ని? వజ్రాల వ్యాపారి టీకా గురించి తర్కించగలడు. వజ్రాలు సానపట్టే కూలికి తర్కించే అవకాశమే లేదు. కొనలేని వస్తువు మంచిదా, చెడ్డదా అన్న చర్చ అతనికి వినోదం మాత్రమే.

కోవిడ్ నేర్పినది

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ సూరత్ వలస కార్మికులు బకాయి కూలి కోసం, స్వస్థలాలకు పంపాలంటూ వీధుల్లోకి వచ్చారు. 1994లో రైళ్లు ఉన్నాయి కనుక వెళ్లిపోయారు. 2020లో రైళ్లు లేవు కనుక ఆందోళనకు దిగారు. రెండు సందర్భాల్లోనూ ఈ నగరం తమను కాపాడుతుందన్న భరోసా వారికి లేకపోయింది.

2021లో కోవిడ్ టీకా వచ్చింది. 18 నుంచి 44 ఏళ్ల వారికి మే 1 నుంచి అనుమతి ఇచ్చినా, ఆరంభంలో ఆన్‌లైన్ నమోదు తప్పనిసరి కావడంతో చదువురాని కార్మికుడు వరుసలో వెనుకబడ్డాడు. జూన్ 21 నుంచి టీకా ఉచితం చేసి, కేంద్రం వద్దనే నమోదు సౌకర్యం విస్తరించాక పరిస్థితి మెరుగుపడింది. తరువాతి దశలో గుజరాత్ నగరాల్లో టీకా ధ్రువపత్రం లేనివారికి నగర బస్సుల్లో, పార్కుల్లో ప్రవేశం నిషేధించారు. ఉచితం చేయడం, చేరువ చేయడం, ఆపై నిర్బంధించడం. ఈ మూడింటిలో మొదటి రెండింటికి దక్కవలసిన ఘనతను మూడోదానికి కట్టబెట్టేవారు నేటికీ ఉన్నారు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు 2022 మే 2న ఇచ్చిన తీర్పు దారిదీపం వంటిది. డాక్టర్ జేకబ్ పులియెల్ దాఖలు చేసిన కేసులో న్యాయస్థానం రెండు వైపుల వాదననూ తూచింది. ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకునేలా చేయరాదని, శరీరంపై హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణలో అంతర్భాగమని స్పష్టం చేసింది. అదే సమయంలో ప్రజారోగ్యం దృష్ట్యా సహేతుకమైన, ముప్పుకు తగిన మోతాదులో ఆంక్షలు విధించే అధికారం ప్రభుత్వానికి ఉందన్నది. టీకా విధానం అహేతుకం కాదన్నది. టీకా అనంతర దుష్ఫలితాల వివరాలను ప్రజలకు అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. నిర్బంధం కంటే సమాచారమే బలమైన సాధనమన్న సూత్రం ఇందులో ఇమిడి ఉంది.

చేయవలసినది

రాబోయే ఫ్లూ మహమ్మారి ఏ రూపంలో వస్తుందో, ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. వచ్చి తీరుతుందన్నది మాత్రం 1918, 1957, 1968, 2009 సంవత్సరాలు చాటుతున్న సత్యం. అప్పుడు టీకా తయారు చేయగల సామర్థ్యం అహ్మదాబాద్‌కు, పుణెకు, హైదరాబాద్‌కు ఉందని రుజువైంది. ఆ టీకాను అంగీకరించే మనసు లింబాయత్ వాడలో ఉంటుందా అన్నది ఇప్పటి నుంచి పాలకులు చేసే పనిపై ఆధారపడి ఉంటుంది.

గర్భిణులకు, వృద్ధులకు, దీర్ఘవ్యాధిగ్రస్తులకు ఏటా వానకాలానికి ముందే ఫ్లూ టీకాను ఉచితంగా వేసే ఏర్పాటు చేయాలి. ముందుగా వైద్యులు, నర్సులు తాము వేయించుకుని చూపాలి. తాను తినని పథ్యాన్ని రోగికి చెప్పే వైద్యుడి మాట ఎవరూ ఆలకించరు. మగ్గాల షెడ్ల వద్దకే పాళీ మారే వేళల్లో టీకా బృందాలు వెళ్లాలి. టీకా వేయించుకున్నవారికి యజమానులు ఒక రోజు కూలితో కూడిన సెలవు ఇవ్వాలి. మగ్గాలు వారాల తరబడి ఆగిపోతే వచ్చే నష్టంతో పోలిస్తే అది యజమానులకు లాభసాటి బేరమే. టీకా వల్ల అరుదుగా హాని కలిగితే, తప్పు ఎవరిదని కోర్టుల చుట్టూ తిప్పకుండా పరిహారం చెల్లించే పథకం ఉండాలి. అమెరికాలో 1986 నాటి చట్టంతోనే అందుకు పునాది పడింది. కోవిడ్ టీకాలు కోట్ల సంఖ్యలో వేసిన రోజుల్లో మన దేశంలో అటువంటి పథకం లేకపోవడం పెద్ద లోటు. సమాజ క్షేమం కోసం చేయి చాచిన మనిషికి కీడు జరిగితే ఆ బరువును సమాజమే మోయాలి.

అన్నిటికంటే ముఖ్యం, మంచిచెడ్డలు రెండూ దాచకుండా చెప్పడం. టీకా రక్షణ ఎంత, హాని ఎంత, ఎవరికి అవసరం, ఎవరు ఆగవచ్చు అన్న వివరాలు గుజరాతీలో, ఒడియాలో, హిందీలో, మరాఠీలో, తెలుగులో కార్మికుడికి అందాలి. పిల్లలకు తెలుగులో పాఠాలు చెప్పగల నగరానికి, తల్లిదండ్రులకు తెలుగులో టీకా గురించి చెప్పడం అసాధ్యమేమీ కాదు. నూటికి నూరు పాళ్లు సురక్షితమన్న గొప్ప మాట కంటే, లక్షలో ఒకరికి హాని కలగవచ్చు, వారిని మేము చూసుకుంటామన్న నిజాయితీ మాటకే ఎక్కువ విలువ ఉంటుంది.

1994లో సూరత్ మందు ఉండి కూడా పారిపోయింది. ఆ తరువాతి సంవత్సరంలోనే మాట నిలబెట్టుకునే పాలన ఎలా ఉంటుందో దేశానికి చూపింది. ఈ రెండు అనుభవాల్లో దేనిని ఆదర్శంగా తీసుకోవాలో ప్రభుత్వాలే తేల్చుకోవాలి. టీకాలు శీతల గిడ్డంగుల్లో నిల్వ ఉంటాయి. విశ్వాసాన్ని నిల్వ చేయగల గిడ్డంగి లేదు. దానిని ఏ రోజుకారోజు సంపాదించుకోవలసిందే.